కత్తెర బాబాయ్ అభ్యంతరాలు

కత్తెర బాబాయికి నచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఒకవేళ పుట్టినా, ఉయ్యాల్లోనే వాడి కాళ్లు చూసి, "ఈ మోకాళ్లతో ఏం ఆడతాడమ్మా, చదువు చెప్పించండి" అని తేల్చేసే రకం ఆయన.

వృత్తికి దర్జీ. ఊళ్లోని ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీలన్నీ ఆయన కొట్లోనే తయారవుతాయి. బట్టకన్నా మనుషుల్ని ఎక్కువ కత్తిరిస్తాడని ఆ పేరు వచ్చింది. కొట్లో రెండో మిషను తొక్కేది ఆయన భార్య. వీధంతా ఆవిడను పిన్ని అంటుంది. ముప్పై ఏళ్లుగా ఆయన నోటికీ వీధికీ మధ్య నిలబడి నిలబడి, క్షమాపణ చెప్పడం ఆవిడకు ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. గుమ్మంలోకి కొత్త మనిషి అడుగుపెడితే చాలు, ఏం కుట్టాలని అడగడానికన్నా ముందే, "మా ఆయన మాటలు పట్టించుకోకండి" అనేస్తుంది.

ఆ క్లబ్బుకు ఒక పద్ధతి ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం డ్రిల్లు మాస్టారు, అంటే జట్టుకు కోచ్, నల్లబోర్డు మీద ఆదివారం ఆడేవాళ్ల పేర్లు రాస్తారు. సభ్యులు బెంచీల మీద కూర్చుని చూస్తారు. ఏ పేరుకైనా ఎవరైనా "అభ్యంతరం" అన్నారంటే, ఆ పేరు ఉండాలనేవాళ్ల చేతులెత్తించి లెక్కపెట్టాల్సిందే. ఏ మంచి ఉద్దేశంతో ఆ నియమం పెట్టారో గానీ, కత్తెర బాబాయ్ సభ్యుడయ్యాక దానివల్ల క్లబ్బులో అందరికీ భుజాల నొప్పులు పట్టుకున్నాయి. పదకొండు పేర్లకు పదకొండు అభ్యంతరాలు మరి!

"కుడివైపు బ్యాకు, పోస్ట్‌మ్యాన్" అని రాసేవారు మాస్టారు.

"అభ్యంతరం! ఉత్తరం ఇవ్వడానికే మూడు రోజులు పట్టేవాడు పాస్ ఎప్పటికిస్తాడు?"

"మధ్యలో పాలాయన."

"అభ్యంతరం! ఆటలో కూడా సగం నీళ్లే."

"కెప్టెన్..."

"ఆయనకైతే రెండు అభ్యంతరాలు! టాస్ గెలవడం తప్ప ఏమొచ్చు ఆయనకి?"

"టాస్ కూడా గెలవడు బాబాయ్" అని వెనక బెంచీ గుర్తుచేసేది.

"చూశారా మరి!"

క్లబ్బంతా ఒక పక్క, ఆయన ఒక్కడూ ఒక పక్క. అప్పటిదాకా పోస్ట్‌మ్యాన్ను నోరారా తిట్టుకుంటున్నవాళ్లు కూడా, బాబాయ్ తిట్టగానే సొంత తోడబుట్టినవాణ్ణి అన్నట్టు లేచేవాళ్లు. క్లబ్బు కార్యదర్శి మందుల షాపాయన మరీనూ. "నీ నోరు పడిపోను! వాడికేం తక్కువయ్యా?" అంటూ రెండు చేతులూ ఎత్తేసేవాడు. ఎన్ని చేతులెత్తినా ఓటు ఒకటేనని మాస్టారు వారం వారం చెప్పాల్సి వచ్చేది.

ఇన్నేళ్లలో ఒకే ఒక్కసారి బాబాయ్ నోట్లోంచి మెచ్చుకోలు వచ్చింది. దువ్వెన అని ఒక ఫార్వర్డు ఉండేవాడు. బంతి దొరికితే ఎవరికీ ఇవ్వడు, తోటివాళ్లు పడిపోతే చెయ్యి అందించడు, గోలు తప్పినా జుట్టు మాత్రం చెదరనివ్వడు. ఆ పేరు బోర్డుకెక్కగానే బాబాయ్ చప్పట్లు కొట్టాడు. "ఆహా, ఆటంటే అదీ! వీడుంటే మిగతా పదిమందీ దండగ!"

బెంచీలన్నీ ఒక్కసారిగా ఆయన వైపు తిరిగాయి. మందుల షాపాయన మెల్లిగా లేచాడు. "ఈయనకే నచ్చాడంటే వాడిలో ఏదో పెద్ద లోపమే ఉండాలి. నాకు అభ్యంతరం." ఆ ఆదివారం దువ్వెన బెంచీ మీద కూర్చుని ఆట అయ్యేదాకా తల దువ్వుకున్నాడు. పిన్ని మాత్రం ఇంటికి రాగానే భర్త నుదుటి మీద చెయ్యి వేసి జ్వరమేమోనని చూసింది.

ఇక గోల్‌కీపరు గోడ సంగతి. గోడ అన్నది వాడు కుర్రతనంలో సంపాదించుకున్న బిరుదు. పగలు బేకరీలో పని. ముప్పై అయిదేళ్లు నిండాయి. పోయిన ఆదివారం నాలుగు గోల్స్ వదిలేశాడు. ఎందుకు వదిలేశాడో వాడు కాక బాబాయికీ పిన్నికీ మాత్రమే తెలుసు. మ్యాచికి ముందురోజు బేకరీ పొయ్యి దగ్గర వాడి వేళ్లు కాలాయి. కట్టు మీద పట్టేలా గ్లౌజు వదులు చేయించుకోవడానికి వచ్చింది దర్జీ కొట్టుకే. గురువారం మళ్లీ వచ్చాడు.

"మానిపోయాయి పిన్నీ. గ్లౌజు మునుపటిలా బిగించు."

"చెయ్యి కాలిందని చెప్పుకోవచ్చు కదరా?" అంది పిన్ని.

"ముందు చెప్తే ఆడనివ్వరు. ఓడాక చెప్తే సాకంటారు. నువ్వూ ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి." గోడ చేతులు చూసుకున్నాడు. "బ్యాంకులో కొత్తగా చేరినవాడు కీపింగ్ చేస్తానంటున్నాడట. వాడు మన క్లబ్బు గుమ్మంలోంచి వంగి రావాలి, అంత పొడుగు. ఈ వయసులో నా పేరు ఒకసారి చెరిగితే మళ్లీ రాసేదెవరు పిన్నీ?"

బాబాయ్ మిషను మీంచి తల కూడా ఎత్తలేదు. "నీ వేళ్లు కాలినా మానినా బంతికి ఒకటేలేరా" అన్నాడు. పిన్నికి ఆ మిషను సూదితో ఆయన పెదాలు కుట్టేయాలనిపించింది.

శుక్రవారం ఇస్త్రీ చేసిన జెర్సీలు ఇవ్వాలన్న వంకతో ఆవిడ కూడా క్లబ్బుకు వెళ్లి భర్త పక్కనే కూర్చుంది. "ఈ ఒక్కరోజు నోరు విప్పకండి. మీకు పుణ్యముంటుంది" అని చెవిలో చెప్పింది.

మాస్టారు బోర్డు మీద పది పేర్లు రాశారు. పది అభ్యంతరాలూ అయ్యాయి. పదకొండో పేరు దగ్గర సుద్దముక్క కాసేపు ఆగి, చివరికి 'గోడ' అని రాసింది.

"అభ్యంతరం!" బాబాయ్ స్ప్రింగులా లేచాడు. "నాలుగు గోల్సా! వీడు గోడేమిటి, కిటికీ! రెక్కలూ లేవు, ఊచలూ లేవు!"

మూల బెంచీలో గోడ తల దించుకున్నాడు. పిన్ని కళ్లు మూసుకుంది. ఎప్పుడూ ఈపాటికి తిట్లు మొదలుకావాలి. కాలేదు.

"ఇన్నేళ్లకి ఒక్క నిజం చెప్పావు బాబాయ్" అన్నాడు మందుల షాపాయన. "వాడికి వయసైపోయింది."

"నిజమే, నిజమే" అన్నాయి బెంచీలు.

పిన్ని కళ్లు తెరిచి భర్తను చూసింది. ఖరీదైన కోటు గుడ్డను తప్పు కొలతకు కత్తిరించేసిన దర్జీ ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆ ముఖం. నుదుట చెమట పట్టింది. మనిషి రెండుసార్లు దగ్గాడు.

"ఈ ఒక్క మ్యాచేనా? పోయినేడు ఫైనల్లో మాత్రం ఏం వెలగబెట్టాడు? మూడు పెనాల్టీలు..."

"మూడూ ఆపాడుగా!" అంది వెనక బెంచీ.

"వాడు ఆపలేదు, బంతే వచ్చి తగిలింది!"

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ! బంతికి బుద్ధి లేదు! పోనీ, వానలో ఆడినరోజు? పోస్టుకు గుద్దుకుని పన్ను ఊడగొట్టుకున్నాడు. మైదానం పాడుచెయ్యాలనే కదా?"

"అన్యాయం బాబాయ్! ఆ రోజు గోలు ఆపబోయి గుద్దుకున్నాడు" అని పోస్ట్‌మ్యాన్ లేచాడు.

"పదిహేనేళ్లలో ఒక్క ఆదివారం మానాడా? తోచక! ఇంట్లో తోచక!"

"చాలించవయ్యా!" మందుల షాపాయన ముఖం కందగడ్డలా అయింది. "నోట్లోంచి రక్తం కారుతున్నా ఆట ఆపనివ్వలేదు వాడు. ఆ మూడో పెనాల్టీకి నేను ఏడ్చాను తెలుసా, ఏడ్చాను! ఇలాంటివాణ్ణి పట్టుకుని కిటికీ అంటావా? మాస్టారూ, లెక్కపెట్టండి!"

చేతులన్నీ లేచాయి. కార్యదర్శివి రెండూ లేచాయి. ఈసారి మాస్టారు ఏమీ అనలేదు, ఆయనా రెండు చేతులెత్తి ఉన్నారు.

"ఈ క్లబ్బు బాగుపడదు" అని గొణుక్కుంటూ బాబాయ్ కూలబడి, ఒళ్లో ఉన్న ఇస్త్రీ జెర్సీతోనే ముఖం తుడుచుకున్నాడు. ఆ గుడ్డ చాటున పెదవి చివర ఒక నవ్వు కదలడం పిన్ని ఒక్కతే చూసింది.

ఇంటిదారిలో అడిగేసింది. "ఆ పెనాల్టీలూ పన్నూ అందరికీ గుర్తుచేసింది మీరే కదూ?"

"గుర్తుచెయ్యడమేంటి? తిట్టాను."

"నాకు మాత్రం నిజం చెప్పండి. వాడు మంచి కీపరేనా?"

ఆయన ముందు చూశాడు, వెనక చూశాడు, గొంతు తగ్గించాడు. "ఈ చుట్టుపక్కల అలాంటివాడు లేడు."

"ఆ ముక్క అక్కడే అనొచ్చుగా!"

"అంటే తీసేసేవాళ్లు. దువ్వెన గతి చూశావుగా."

పిన్ని నడక ఆగిపోయింది. "ఎన్నాళ్లుగా చేస్తున్నారు ఈ పని?"

"నోరు మంచిది కాదని ఎలాగూ పేరొచ్చింది. ఊరికే పోనివ్వడమెందుకు, ఎవరికైనా పనికొస్తుందని" అని ఆయన చకచకా ముందుకు నడిచాడు.

ఆదివారం గోడ అయిదు బంతులు ఆపాడు. ఒకటి మాత్రం కాళ్ల సందులోంచి పోయింది. గీత పక్కన నిలబడి బాబాయ్, "దానికి కూడా కుట్టు వేయించుకోరా!" అని అరుస్తున్నాడు. బెంచీ మీద పిన్ని పక్కన మందుల షాపాయన తల పట్టుకున్నాడు.

"ఇలాంటి మనిషితో ఎలా వేగుతున్నావు పిన్నీ?"

అలవాటైన క్షమాపణ పిన్ని నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఆవిడ బరువుగా నిట్టూర్చింది. "ఏం చెప్పమంటావు నాయనా. నోరే కాదు, మనిషే మంచివాడు కాదు. ఒకరికి సాయం చేసి ఎరగడు."

మందుల షాపాయన ఉలిక్కిపడ్డాడు. "అదేం మాట! నాకు కాలు విరిగినప్పుడు నెల్లాళ్లు నా షాపు తలుపులు తీసిందెవరు? ఆయనేగా!"

"పొద్దున్నే తిరగడం సరదాలే. పని మాత్రం ఒళ్లు వంచి చెయ్యడు."

"తప్పు పిన్నీ" అని ముందు వరస నుంచి పాలాయన భార్య వెనక్కి తిరిగింది. "మా అమ్మాయి పెళ్లికి మూడు రోజులు కన్ను మూయకుండా కుట్టాడు ఆ మహానుభావుడు."

ఇంకో ఇద్దరు కూడా ఆటను వదిలేసి ఇటు తిరిగారు. ముప్పై ఏళ్ల కాపురంలో భర్త గురించి ఇన్ని మంచిమాటలు పిన్ని ఒక్కసారిగా వినలేదు. బెంచీ మీద హాయిగా సర్దుకుని కూర్చుంది. ఆట ముగియడానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నాయి.

"ఇక ఆయన పిసినారితనం సంగతి చెప్పాలంటే..." అని మొదలుపెట్టింది.