కొత్తల పండుగకు ముందు చిక్కుడుకాయ

మొన్న మనవరాలి బడి నుంచి ఒక కాగితం వచ్చింది: పాప రోజూ ఏం తింటోంది, ఎంతసేపు ఆడుతోంది, రాసి పంపమని. పెన్ను పట్టుకుని కూర్చున్నానే గానీ చెయ్యి కదల్లేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పినపాక అవతల అడవి అంచు గూడెంలో అంగన్‌వాడీ టీచరుగా ఇలాంటి కాగితాలే నింపేదాన్ని.

కల్లూరు వైపు నుంచి వెళ్లినదాన్ని, అన్నీ నాకే తెలుసనుకునే వయసు. పిల్లలకు వ్యాయామం నేర్పమన్నారు పైవాళ్లు. పొద్దున్నే అడవిలో రేగుపండ్లు ఏరుకుని, వాగు దాటి వచ్చే పిల్లలను వరసలో నిలబెట్టి గెంతించేదాన్ని. చేపపిల్లకు ఈత నేర్పడమంటే అదే. వాళ్లు నన్ను చూసి నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. తిండి దగ్గర మాత్రం నవ్వులాట లేదు. తల్లి లేని నాలుగేళ్ల పిల్ల ఒకతి ఉండేది, అవ్వ పెంపకం. నెలనెలా తూకంలో తగ్గిపోయేది. దాన్ని ఎలాగైనా నిలబెట్టాలని నా పంతం.

కూరగాయలు అలవాటు చేద్దామని, సెంటరు వెనక పందిరికి కాసిన చిక్కుళ్లు కోసి పప్పులో వేశాను. ఆ గూడెంలో కొత్తల పండుగ చేసి, దేవతకు పెట్టాకే కొత్త పంట నోట పెట్టుకుంటారు. పండుగ ఇంకా కాలేదని ఆయా చెప్పింది కూడా. ఆకలికి పండుగేమిటని కొట్టిపారేశాను. పిల్ల ఇష్టంగా తిని మళ్లీ అడిగింది, ఇంటికెళ్లి అవ్వకూ చెప్పింది. మర్నాడు సెంటరుకు ఒక్క పిల్లా రాలేదు.

కాళ్లావేళ్లా పడితే మిగతావాళ్లు వారానికి మెత్తబడ్డారు. అవ్వ మాత్రం తడిక తియ్యలేదు. ఇంతలో పిల్లకు జ్వరం. దేవత కోపమని, పండుగనాడు తప్పు చెల్లించుకుంటే తగ్గుతుందని ఇంట్లోనే ఉంచింది. దవాఖానాకు తీసుకుపోతానని మూడుసార్లు వెళ్లి బతిమాలాను.

"నీ చేతి బువ్వ తిన్నంకనే గిట్లయింది టీచరమ్మా. ఇగ నా పిల్లను ముట్టకు" అంది.

ఎవరేమన్నా ఎత్తుకుపోవలసింది. తప్పు చేసినదాన్ని కదా అని తిరిగి వచ్చేశాను. పండుగ ఇంకా రెండు రోజులుందనగా పిల్ల పోయింది.

పండుగ మర్నాడు అవ్వ సెంటరుకు వచ్చింది. ఆకులో చుట్టిన చిక్కుడు కూర నా ముందు పెట్టి, పిల్లలు కూర్చున్న వరస వైపు చూసింది.

"ఇగ పెట్టు టీచరమ్మా. ఇయ్యాల్టి నుంచి తినొచ్చు."

నేను ఆ పప్పు వండిననాటికి పండుగ పదిహేను రోజులే ఉంది. ఆ కాస్త రోజులు ఓపిక పట్టలేకపోయాను. ఇరవై ఏళ్లు దాటినా ఆ పదిహేను రోజులు నాకింకా తీరలేదు.