నలభై ఒక్క బొరియలు

ఈ ఉదయం విజయనగరం రైతుబజారు గేటు బయట సంచి సర్దుకుంటుంటే కాళ్ల దగ్గర ఒక చిన్న చప్పుడు వినిపించింది. సబ్బు నురుగును చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించే చిటపటలాంటిది. వంగి చూశాను. నీలం ప్లాస్టిక్ టబ్బులో ఏడు మండపీతలు, కాళ్లు వైరుతో కట్టేసి ఉన్నాయి. నోటి దగ్గర నురుగు కక్కుతున్నాయి. నీళ్లలోంచి తీసిన పీత చేసే ఆ చప్పుడు విని ముప్పై మూడేళ్లు దాటింది. నేను అక్కడే నిలబడిపోవడం చూసి అమ్మేవాడు, "సెరువు పీతలమ్మా, బేగి సెప్పు, ఎన్నెయ్యమంటావు?" అన్నాడు. "ఇవాళ బహుళ దశమి కదా, అమావాస్యకి ఇంకా నాలుగైదు రోజులుంది, కండ పూర్తిగా పట్టిందా?" అని అడిగాను. అతను పెద్దగా నవ్వాడు. "సెరువులో పీతకి తిథేటమ్మా? మేత ఏస్తే కండ పడతాది!" అన్నాడు. అతని మాట నిజమే. నేనేమీ కొనకుండా ఇంటికి వచ్చేశాను.

నాకు పీత పట్టడం, వండడం నేర్పిన మనిషి పేరు తవిటమ్మ. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. భావనపాడుకు కొంత దూరంలో, ఉప్పుటేటి ఒడ్డున ఉన్న ఒక ఊరి బడికి లెక్కల టీచరుగా వెళ్లాను. మాది శృంగవరపుకోట వైపు వరి పండించే కుటుంబం. పొలం గట్ల మీద తిరిగే చిన్న పీతలను చూశానే గాని, అరచెయ్యంత వెడల్పున్న మండపీతను ఎప్పుడూ చూడలేదు. నా గదికి పక్క గోడ తవిటమ్మ ఇల్లు. ఆమె నాకన్నా పదిహేనేళ్లయినా పెద్దది. భర్త అప్పన్న నడుము పడిపోయి ఎప్పుడూ అరుగు మీదే ఉండేవాడు. ఇద్దరి తిండీ ఆ ఏటి బురదలోంచే రావాలి. మడచెట్ల వేళ్ల మధ్య ఉన్న పీతబొరియలు ఆమెకు అత్తగారి దగ్గర నుంచి వచ్చాయి. ఆ అత్తకు వాళ్ల అత్త దగ్గర నుంచి. కాగితం లేదు, హద్దురాయి లేదు. అవి తవిటమ్మవని ఊరందరికీ తెలుసు, ఎవరూ వాటి జోలికి వెళ్లేవారు కాదు. అంతే.

నన్ను మొదటిసారి ఏట్లోకి తీసుకువెళ్లింది ఒక ఆదివారం, బహుళ త్రయోదశి. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై అయిదుకి సముద్రపు పోటు తగ్గి ఏట్లో నీరు పూర్తిగా తీసింది. "ఆ గడియారం తీసీ పంతులమ్మా. బురదలో పడిపోతే రేపు మీ బడికి గంటెవులు కొడతారు?" అంది. నీరు ఎప్పుడు తీస్తుందో ఎలా తెలుసప్పా అని అడిగాను. "నిన్నటికన్నా రెండు గడియలు ఎనక. రోజూ అంతే. సెంద్రుడికి బద్ధకం, రోజుకింత ఆలీసెంగా లేస్తాడు," అంది. రెండు గడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు. తర్వాత నెల రోజులు గడియారంతో సరిచూశాను. బడి వదిలి వెళ్లగలిగిన ఏ రోజూ తేడా పది నిమిషాలు దాటలేదు.

చేతికి పొడవాటి ఇనప కొక్కెం ఇచ్చి మోకాళ్ల లోతు బురదలో ఒక బొరియ ముందు కూర్చోబెట్టింది. "లాగీకు. ఊరికే తట్టు, తలుపు కొట్టినట్టు. దానికి కోపం రావాల. కోపమొచ్చి అదే పట్టుకుంటాది." తట్టాను. లోపల ఇనుము మీద గట్టిగా ఏదో బిగుసుకుంది. భయంతో ఒక్కసారిగా లాగేశాను. కొక్కేనికి ఒక కత్తెర కాలు మాత్రం వేలాడుతూ వచ్చింది. తవిటమ్మ కొక్కెం నా చేతిలోంచి తీసేసుకుంది. "ఏటిదీ? సెయ్యి ఇరిసీసి ఇంటికి పిలుస్తన్నావా సుట్టాన్ని? ఒగ్గీ దాన్ని. మళ్లీ మొలుస్తాది. మూడు అమాసలు ఈ గుమ్మం తొక్కీకు." నాలుగో బొరియ దగ్గర నాకు ఓపిక వచ్చింది. పీత కొక్కేన్ని పట్టుకుని తనంతట తానే వెలుగులోకి వచ్చింది. వెనక నుంచి కాలితో అదిమి, కత్తెర కాళ్లు రెండూ మడిచి తాటినారతో కట్టడం ఆమె చూపించింది. నా మొదటి పీత అది. నేను ఆనందంతో లేచి నిలబడితే, ఆమె వంగి, చెదిరిపోయిన బొరియ నోటిని తడి అరచేత్తో మెత్తి, పొయ్యి అలికినట్టు నున్నగా అలుకుతోంది. పీత పోయాక ఇదెందుకు అన్నాను. "ఇల్లు బాగుంటే ఇంకోటి దిగుతాది. కూలిపోయిన ఇంట్లో నువ్వు కాపరం సేస్తావేటి?" అంది.

ఆ సాయంత్రం ఆమె పొయ్యి దగ్గర కూర్చుని వండాను. బతికున్నదాన్ని వేడి కుండలో వేస్తే కాళ్లు రాల్చేసుకుంటుందని, ముందు కడుపు దగ్గర ఊసతో పొడిచి చంపాలని నేర్పింది. డిప్ప తీసి, లోపల దూదిలా ఉన్నదాన్ని పారేసి, పచ్చసొనలాంటి కొవ్వును గరిటెతో జాగ్రత్తగా పక్కన పెట్టించింది. నేను కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. కారం ఎన్ని చెంచాలు, చింతపండు ఎంత, ఎన్ని నిమిషాలు? తవిటమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఇంటన్నావా? పంతులమ్మ పీతకి కూడా హాజరేస్తంది!" అప్పన్న అరుగు మీద నుంచి, "వచ్చినానండీ అన్నాదేటి అది?" అన్నాడు. ముగ్గురం నవ్వాం. నీళ్లు పొయ్యబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. పీత తన నీరు తానే వదులుతుందట. కాళ్లు ఇటుక రంగు దాటి ఎర్రమట్టి రంగుకి వచ్చాక చింతపండు పులుసు వేసి, పక్కన పెట్టిన కొవ్వు కలిపించింది. పదిహేడు నిమిషాలు పట్టింది. అంత తియ్యటి మాంసం నేను అంతకుముందు తినలేదు.

ఆ తర్వాత రెండేళ్ల మూడు నెలలు, వీలైన ప్రతి పాటుకీ, అంటే నీరు తీసిన ప్రతిసారీ, ఆమెతో వెళ్లాను. నా స్వభావం కొద్దీ ఒక నోటుపుస్తకం పెట్టాను. బొరియకు ఒక సంఖ్య. రేవు గట్టు నుంచి ఎన్ని అడుగులు, ఏ చెట్టుకు ఏ వైపు, ఏ తిథిన పీత దొరికింది, ఖాళీ అయ్యాక మళ్లీ ఎన్ని రోజులకు నిండింది. తొందరగా అంటే తొమ్మిది రోజులు, ఆలస్యమంటే ఇరవై మూడు. మొత్తం నలభై ఒక్క బొరియలు. చివర పటం కూడా గీశాను. తవిటమ్మ ఆ పటాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. "నా తలకాయలో ఉన్నదంతా ఇందులో ఎట్టీసినావు. రేపు నాను సచ్చిపోతే ఆటికి అత్తవి నువ్వే," అంది. నాతో ఎవరూ అంత పెద్ద మాట అనలేదు, అంతకుముందు గాని, తర్వాత గాని.

మూడో సంవత్సరం ఒక మనిషి వ్యానులో బడికి వచ్చాడు. బతికున్న పీతలను విమానంలో పై దేశాలకు పంపే వ్యాపారమని చెప్పాడు. మర్యాదగా మాట్లాడాడు. ఈ ఏట్లో పీతలున్నాయా మేడమ్ అని అడిగాడు. ఉన్నాయని ఊరుకుంటే సరిపోయేది. ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడున్నాయో కూడా చెప్పగలనన్నాను. పుస్తకం తెచ్చి చూపించాను. అతను గంటసేపు కూర్చుని పటంతో సహా రాసుకున్నాడు. "ఇంత పద్ధతిగా రాసినవాళ్లని నేనెక్కడా చూడలేదు మేడమ్," అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నచ్చిందని కూడా ఇక్కడ రాయాలి.

ఎనిమిదో రోజున పదకొండు మంది పైఊరివాళ్లు పారలు, గునపాలతో ఏట్లో దిగారు. వాళ్లు తట్టలేదు, పీతకు కోపం వచ్చేదాకా ఆగలేదు. బొరియలను నడుము లోతు తవ్వేశారు. మొదటి పాటుకే పదిహేడు పోయాయి. ఆ పక్షం ముగిసేసరికి ముప్పై మూడు. మరుసటి అమావాస్యకి నలభై ఒకటీ పోయాయి. వాళ్లకు వెతుక్కునే శ్రమ కూడా లేకపోయింది. ఊరివాళ్లు కేకలు వేస్తే, ఏరు ఎవరి సొత్తని అడిగారట.

వాళ్లు వెళ్లిపోయిన మర్నాడు మధ్యాహ్నం గట్టు మీద నుంచి చూశాను. తవిటమ్మ ఒక్కతే బురదలో ఉంది. కొక్కెం లేదు, బుట్ట లేదు. ఒక్కొక్క గుంట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, జారిపోతున్న బురదను తీసి మెత్తుతోంది. అది నిలవడం లేదు. మళ్లీ మెత్తుతోంది. పోటు నీరు వచ్చేదాకా ఆరు గుంటలు అలికింది. నీరు వచ్చి ఆరింటినీ కలిపేసింది.

ఆ రోజే వెళ్లి చెప్పేశాను. పుస్తకం నేనే చూపించానని చెప్పాను. ఆమె తిట్టలేదు. కాళ్ల బురద కడుక్కుంటూ, "అన్నీ రాసినావు గదా పంతులమ్మా. అయి ఎవులివో రాసినావా?" అంది.

గదికి వచ్చి పుస్తకం తిరగేశాను. అడుగులు, తిథులు, రోజులు అన్నీ ఉన్నాయి. మొదటి పేజీలో నా పేరు, హోదా, బడి పేరు ఉన్నాయి. తవిటమ్మ పేరు ఒక్కచోట కూడా లేదు. బొరియను అలకాలని కూడా రాయలేదు. దానికి లెక్క లేదు కనుక నాకు రాయాలని తోచలేదు.

తవిటమ్మ ఏడు నెలలు చూసింది. ఒక్క బొరియా నిండలేదు. ఎనిమిదో నెలలో అప్పన్నను మంచంతో సహా ఆటో ఎక్కించి, రొయ్యల షెడ్డులో తలలు గిల్లే పనికి చెల్లెలి ఊరు వెళ్లిపోయింది. ఎక్కేముందు, "అన్నం తిన్నావేటి పంతులమ్మా?" అని అడిగింది. రోజూ అడిగే మాటే. తినలేదు గాని తిన్నానన్నాను. నాలుగేళ్ల తర్వాత ఆమె పోయిందని ఆ ఊరివాళ్లెవరో చెప్పారు. ఏ తిథో వాళ్లకు గుర్తులేదు. నా దగ్గర లేని తేదీ అదొక్కటే.

పుస్తకం ఇంకా ఉంది. ఆమె పేరు మొదటి పేజీలో ఎప్పుడో రాశాను. దాని వల్ల ఏమీ మారలేదు. నాకు అరవై ఎనిమిదేళ్లు. రోజూ లేవగానే ఇప్పటికీ ఆ లెక్క చేస్తాను, మానాలన్నా మానలేకపోతున్నాను. తిథి చూసుకుని, నిన్నటికి రెండు గడియలు కలుపుతాను. ఈ రోజు ఆ ఏట్లో నీరు పూర్తిగా తీసేది పదకొండూ అయిదుకి. ఇది రాస్తుండగా ఆ వేళ అయింది. ఏట్లో బురద బయటపడి ఉంటుంది. దిగేవాళ్లు ఎవరూ ఉండరు.