పదకొండు ఆదివారాలు

మేం అన్నా అని పిలుచుకునే పైపుల మేస్త్రీ చనిపోయాడని గురువారం పొద్దున్నే తెలిసింది. సౌదీలో అల్ ఖోబర్ శివార్లలోని మా క్యాంపు గేటు దగ్గర, బస్సులు కదలకముందు, నేను హాజరు వేస్తున్నాను. ఊరి నుంచి ఫోన్‌లో ఆయన భార్య, వదిన గొంతు వినిపించింది. నిద్రలోనే పోయారని, కాఫీ తీసుకెళ్ళి లేపితే లేవలేదని చెప్పింది. వరసలో నిలబడ్డవాళ్ళు పేర్లు పిలుస్తానని చూస్తున్నారు. మా గదిలోనే ఉండే హైదరాబాదు డ్రైవర్ భాయి నా చేతిలోంచి హాజరు పట్టీ తీసుకుని మిగిలిన పేర్లు తనే పిలిచాడు.

అన్నది కోనసీమ, నాది జగిత్యాల దగ్గర పల్లె. వయసులో నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నేను "పోత" అంటే ఆయన నవ్వేవాడు, ఆయన "ఎల్తాను" అంటే నేను నవ్వేవాణ్ణి. చుట్టరికం లేని మమ్మల్ని కలిపింది శుక్రవారం. ఇక్కడ ఆదివారం పనిరోజు కాబట్టి క్రైస్తవులమైన మాకు శుక్రవారమే ఆదివారం. గది తలుపు వేసుకుని ఐదారుగురం ప్రార్థనకు కూర్చునేవాళ్ళం. ఇక్కడ వేరే మతాల ప్రార్థనలు బయటికి చెయ్యనివ్వరు కాబట్టి, పాట వినపడకుండా ఏసీ పెట్టేవాళ్ళం, జనవరి చలిలో కూడా. దుప్పట్లు కప్పుకుని, చప్పట్లు లేకుండా, పెదవుల మీదే పాడుకునేవాళ్ళం. ఆ గంట భాయి ఎలాగూ జుమ్మా నమాజుకి మసీదుకి వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు అందరికీ టీ తెచ్చేవాడు. లోపల ఏం చేశారని ఒక్కనాడూ అడగలేదు.

ఊళ్ళో అన్న గొంతుకి పెద్ద పేరట. ఆయన పాడితే కాలవ అవతలి వీధికి వినపడేదని, మైకు కొనాలన్న ఆలోచన చర్చి పెద్దలకు చాలా ఏళ్ళు రాలేదని వదిన చెప్పేది. ఇరవై రెండేళ్ళ కింద సౌదీకి బయలుదేరే ముందు ఆదివారం, ఆయన చర్చిలో లేచి ప్రభువుకి ఒక మాట ఇచ్చాడు. చిన్నమ్మాయి చదువు పూర్తయితే చాలు, వచ్చేసి మళ్ళీ ఇక్కడే నిలబడి నోరారా పాడతానన్నాడు. చిన్నమ్మాయి అప్పటికి చంకలో పిల్ల.

సెలవులకు వెళ్ళినప్పుడల్లా పాడటానికి చూసేవాడు. గొంతు లేచేది కాదు. పాట అందుకోగానే ఆయన కళ్ళు వాకిలి వైపు పోయేవి, చప్పట్లు కొట్టబోయిన చేతులు ఒళ్ళో పడిపోయేవి. అక్కడి కుర్రాళ్ళు వెనక చేరి నవ్వేవారట. తిరిగొచ్చి ఆ సంగతి తనే చెప్పేవాడు. "ఇన్నేళ్ళ బెరుకు నెల సెలవులో పోద్దేంట్రా తమ్ముడూ? ఊళ్ళో ఉండిపోతేనే పోద్ది," అనేవాడు.

పనిలోనూ ఆయనది ఒకే చూపు. కొత్త లైను వేశాక పైపుల్లో నీళ్ళు నింపి, ఒత్తిడి పెట్టి, మీటరు ముల్లు దిగుతుందేమోనని గంటసేపు చూడాలి. దిగితే ఎక్కడో కారుతున్నట్టు. మిగతా మేస్త్రీలు పోతూ పోతూ ఓ చూపు పడేసి టీకి వెళ్ళిపోతారు. అన్న బకెట్టు బోర్లించుకుని, ఫోన్ జేబులో పెట్టేసి, ఆ గంటా ముల్లు ముందే కూర్చునేవాడు. అదేమైనా పారిపోతుందా అని ఒకసారి వేళాకోళం చేశాను. అది పారిపోదురా, పారిపోయేది నా బుర్ర, దాన్ని కాపలా కాస్తున్నాను అన్నాడు.

వచ్చిన రెండో ఏడు నేను కంపెనీ వదిలి పారిపోదామనుకున్నాను. మా వాళ్ళ భాషలో ఖల్లివల్లి అవడం. బయట ఎవరో ఎక్కువ ఇస్తామన్నారు. నా భార్యను నర్సింగు చదివిస్తానని నేను బయలుదేరి వచ్చానన్నది ఆ రోజుల్లో నాకే గుర్తులేదు, అన్నకి గుర్తుంది. వారం రోజులు రోజుకోసారి ఒకటే అడిగాడు, మరదలికి ఇంకెన్ని పరీక్షలున్నాయని. ఎనిమిదో రోజు నేను సంచి విప్పేశాను. ఆమె ఇప్పుడు కరీంనగర్‌లో నర్సు. ఇకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, ఒక్క కఫీల్ కిందే, అంటే ఒక్క యజమాని పేరు మీదే ఉంటుంది. అన్న దాన్నే చూపించి "మనసుకీ రెండు ఇకామాలుండవు తమ్ముడూ" అనేవాడు.

అలాంటి మనిషికి నేను చేసింది ఇప్పుడు చెప్పాలి. మంచి మాటలు మాత్రమే రాస్తే ఈ రాత అబద్ధమవుతుంది.

చిన్నమ్మాయి ఫార్మసీ పాసైంది. అదే వారం కంపెనీ ఆయనకి సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తామంది, ఇంకో రెండేళ్ళు ఉండమంది. ఆయన నా దగ్గరికొచ్చి పని వదిలి ఇంటికెళ్ళడానికి ఎగ్జిట్ కాగితం రాయమన్నాడు. ఇంగ్లీషులో అర్జీలు రాసేది, ఆఫీసుకి పంపేది టైమ్‌కీపర్నైన నేనే. నాకు కోపం వచ్చింది.

"ఇంకో రెండేండ్లు ఉంటే ఏమైతది అన్నా? గంత తొందరేంది? ఆడికి పోయి ఏం చేస్తవ్, పాటలు పాడుతవా?" అన్నాను.

"అవున్రా. పాడ్డానికే ఎల్తున్నాను," అన్నాడు.

కాగితం రాశాను, సంతకం పెట్టించుకున్నాను. నా సొరుగులో పెట్టుకున్నాను. కొన్నాళ్ళు ఆగితే మనసు మార్చుకుంటాడని, ఇది ఆయన మంచికేనని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి ఆయన లేని గదిని ఊహించుకోలేకపోయాను. రోజూ సాయంత్రం వచ్చి ఏమైందని అడిగేవాడు. మేనేజర్ సంతకం కాలేదని రోజూ అబద్ధం ఆడేవాణ్ణి. అలా మూడు వారాలు.

మూడో శుక్రవారం ప్రార్థనలో మా అలవాటు ప్రకారం ఎవరి బరువు వాళ్ళు చెప్పుకుంటున్నారు. నా వంతు వచ్చింది. కాగితం నా సొరుగులోనే ఉందని చెప్పాను. అన్న తల ఎత్తకుండానే తర్వాతి వంతు వచ్చినతనికి చెప్పమని సైగ చేసి, ప్రార్థన చివరిదాకా నడిపించాడు. మర్నాడు తెల్లవారుతూనే నన్ను లేపి, కాగితం తీసుకుని ఆఫీసుకి పద అన్నాడు. దారిలో తప్పైందన్నాను, కోపం పెట్టుకోవద్దన్నాను.

"కోపం లేదంటే అబద్ధం. నీతో పాటు నేనూ అబద్ధమాడితే ఎలాగ? దాన్ని ప్రభువు దగ్గర పెట్టుకుంటాను. ముందు నువ్వు సంతకం పెట్టించు," అన్నాడు.

సంతకం ఆ పూటే అయింది. వెళ్ళేరోజు దమ్మామ్ ఎయిర్‌పోర్టుకి భాయి బండిలో తీసుకెళ్ళాం. అన్న నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు, ఎప్పటిలాగే పెదవుల మీదే. కోపం మాట నేను అడగలేదు. ఆ చెయ్యి తేలిగ్గా లేదు, అలాగని తొందరపడి తీసెయ్యనూ లేదు.

ఊరు చేరిన మొదటి శుక్రవారం పొద్దున్నే తలస్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, వాక్యపుస్తకం చంకన పెట్టుకుని చర్చికి వెళ్ళాడట. తాళం వేసుంది. గంటన్నరయ్యాక వదిన వెతుక్కుంటూ వెళ్తే మెట్ల మీద కూర్చుని, ఇవాళ ఎవరూ రాలేదేంటని అడిగాడట. ఇవాళ శుక్రవారమండీ అని ఆమె అంటే, తేరుకుని, కడుపు పట్టుకుని నవ్వాడట. ఆ రాత్రే నాకు ఫోన్ చేసి చెప్పాడు. నేనూ నవ్వాను. పెట్టేశాక ఏడ్చాను.

తర్వాతి ఆదివారాల సంగతి ఆయన ఎక్కువ చెప్పేవాడు కాదు. పాడుతున్నావా అన్నా అంటే, పాడుతున్నాను గానీ పక్కవాడికి వినపడట్లేదు అనేవాడు. అనుకున్న చోటికి వచ్చాను, గొంతు కూడా వెనకాలే వస్తాది, నేను మాత్రం ఆ చోటు వదలను అన్నాడు. వాకిలి వైపు చూడకుండా ఉండాలని మొదటి వరసలో కూర్చోవడం మొదలుపెట్టాడట.

పోయిన శుక్రవారం గదిలో ఆయన కోసం ప్రార్థన పెట్టుకున్నాం. ఆ రోజు భాయి జుమ్మా అయ్యాక టీతో వచ్చి, మొదటిసారి మా మధ్య కూర్చున్నాడు. సాయంత్రం వదినకి ఫోన్ చేశాను. మూడు వారాల సంగతి ఆమెకి నా నోటితో చెప్పాను. ఆయనేమీ చెప్పలేదని ఆమె అంది. ఎన్ని ఆదివారాలు దొరికాయని అడిగితే, వేళ్ళ మీద లెక్కపెట్టి, పదకొండు అంది. ఆ చివరి ఆదివారం గురించి తనే చెప్పింది.

"ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాను బాబూ. రెండో చరణంలో ఒక గొంతు లేచింది. కిటికీ దగ్గర పిల్లలు కూడా లోపలికి తొంగి చూశారు. ఎవరబ్బా ఈ పాడేది, పక్కూరి నుంచి ఎవరైనా ఒచ్చారా అని మగాళ్ళ వైపు తిరిగి చూశాను. మా ఆయనే. కళ్ళు మూసుకుని పాడతన్నారు."

ఆ కాగితం ఇంకొక్క వారం నా సొరుగులో ఉండి ఉంటే, ఆమె అలా తిరిగి చూసేది కాదు.