రెండు గీతల తొట్టి

నాకు లెక్కలు వచ్చని చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఇప్పుడూ పడను. వికారాబాదులో మేనత్త ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి చదివేదాన్ని. బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చిన కొత్త. మా పంతులు సుద్దముక్కల డబ్బాకు చుట్టూ కాగితం అంటించి, "అంటించిన కాగితమంతా ఉపరితల వైశాల్యం. లోపల పట్టే సుద్దంతా ఘనపరిమాణం. రెండూ ఒక్కటే అనుకున్నోళ్లు బెంచీ ఎక్కుండ్రి" అన్నాడు. సగం తరగతి ఎక్కింది. నేను ఎక్కలేదు.

మా నాయన తాండూరులో నీళ్ల తొట్లు కట్టేవాడు. మూరెడు చదరపు బండలు నిలబెట్టి, సందుల్లో సున్నం పూసేవాడు. ఆయనకు సంతకం రాదు. అందుకని కట్టిన ప్రతి తొట్టి అంచున ఉలితో ఒక గీత చెక్కేవాడు. ఆ గీత ఉంటే తొట్టి కారదని జనం నమ్మకం.

ఒక ఆదివారం నేను ఇంటికి వచ్చేసరికి గొర్రెల కాపరి ఒకాయన మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మంద పెరిగిందట, పాత తొట్టికి రెండింతల నీళ్లు పట్టేది కావాలట. పాతదీ నాయన కట్టిందే. రెండు మూరల పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు ఎత్తు, మొత్తం ఎనిమిది బండలు. నాయన సరేనని మాట ఇచ్చి, పదహారు బండలు పక్కన పెట్టాడు. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెండింతలు చేస్తానన్నాడు.

నా నోరు ఊరుకుంటుందా?

"నాయినా, గట్లయితే ముప్పై రెండు బండలు గావాలె. నీళ్లు ఎనిమిదింతలు పడ్తయ్. గొర్రె మూతి గూడ అందది" అన్నాను.

"బండ పని నాకే నేర్పుతవా?" నాయన ముఖం ఎర్రబడింది.

నేనూ ఆయన కూతురినే, తగ్గలేదు. బొగ్గుముక్కతో నేల మీద ఒక్కో బండకు ఒక్కో గడి గీసి చూపించాను. "పొడుగొక్కటే రెండింతలు చెయ్యి. పద్నాలుగు బండలు చాలు."

నాయన గొంతుక్కూర్చుని గడులన్నీ వేలితో లెక్కపెట్టాడు. మళ్లీ మొదటినుంచి పెట్టాడు. చివరికి కాపరి వైపు తిరిగి, "నా బిడ్డ చెప్పినట్టే కడ్త. నీళ్లు తక్కువ వడితే పాత తొట్టి మీది నా గీత గూడ చెరిపెయ్" అన్నాడు.

అప్పటిదాకా ఉన్న నా పొగరంతా దిగిపోయింది. తప్పు నాదైతే పోయేది ఆయన పేరు. వారమంతా వికారాబాదులో అన్నం సయించలేదు. పదిసార్లు లెక్క చేశాను, పదిసార్లూ పద్నాలుగే వచ్చింది.

మరుసటి ఆదివారం కాపరి బావి దగ్గర, సున్నం ఆరిన కొత్త తొట్టి పక్కన నిలబడ్డాం. కాపరి దాన్ని ఎగాదిగా చూశాడు. "ఉస్తాద్, పొడుగే పెరిగింది. ఎత్తు గంతే ఉన్నది. డబల్ ఎట్లయితది?"

పాతది పన్నెండు బొక్కెనలకు నిండేది. కాపరి నీళ్లు తోడి పోస్తూ పైకే లెక్కపెట్టాడు. ఇరవై దాటాక నేను కళ్లు మూసుకున్నాను. ఇరవై నాలుగోదానికి తెరిస్తే నీళ్లు అంచును తాకాయి. అనుమానం తీరక ఇంకొకటి పోశాడు. అది పొర్లి నా కాళ్లు తడిపింది.

"మస్తు లెక్క చేసింది నీ బిడ్డ" అని నవ్వాడు కాపరి. నాయన ఉలి తీసి అంచున తన గీత చెక్కాడు. దాని పక్కనే ఇంకొకటి చెక్కాడు, కొంచెం చిన్నది.

"గిది నీది" అన్నాడు.