అంచుల ఫోల్డరులో మిగిలిన ఫైలు

ఆ రోజు తప్పు నాదే. దాన్ని దయ్యం మీదకు నెట్టడానికి ఇది రాయడం లేదు. అప్పటిదాకా దయ్యాల మాట ఎవరెత్తినా నవ్వేవాణ్ణి.

చీరాలలో మా పిన్నివాళ్లది మగ్గం ఇల్లు. బాబాయ్ చీర అంచుల డిజైన్లను గ్రాఫు కాగితం మీద గడి గడి నింపి గీసేవాడు. ఆయన పోయాక ఆ కాగితాలకు చెదలు పట్టాయి. నేను అన్నింటినీ స్కాన్ చేసి, నా ల్యాప్‌టాప్‌లో అంచులకని ఒక ఫోల్డరు చేసి దాచాను. "ఇక భద్రం పిన్నీ" అన్న నా మాట నమ్మి ఆవిడ కాగితాలు తగలబెట్టింది. ఇంకోచోట కాపీ పెట్టాల్సింది. రేపు రేపు అంటూ పెట్టలేదు.

పిన్ని మగ్గం మీద నుంచే ఎగతాళి చేసేది. "ఏరా, మీ బాబాయ్ ఆ పెట్టెలో బాగున్నాడా? కాఫీ ఏమన్నా అడుగుతున్నాడా?"

ఒక మధ్యాహ్నం మగ్గం పక్కనే కూర్చుని, ఒక రకం పైథాన్ షెల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే తెరలో, ఆ బొమ్మల మరకలు తీస్తున్నాను. అందులో ముందు ఆశ్చర్యార్థకం పెట్టి రాస్తే ఆదేశం నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు వెళ్తుంది. అలా, పనికిరాని బొమ్మలు పడేసే చిత్తు ఫోల్డరులోకి వెళ్లమన్నాను. తర్వాతి వరుసలో అన్నీ చెరిపెయ్యమన్నాను. కానీ అలా ఇచ్చిన ప్రతి ఆదేశమూ విడిగా నడిచి అక్కడితో ముగిసిపోతుంది, ఫోల్డరు మారినా తర్వాతి ఆదేశానికి అది అందదు. తెలిసీ మరిచాను. నేను ఎక్కడికీ వెళ్లలేదు. అంచుల ఫోల్డరులోనే ఉన్నాను.

ఫైళ్ల జాబితా అడిగాను. ఖాళీ.

"కరెంటు ఎక్కువొచ్చి ల్యాప్‌టాప్ పాడైంది పిన్నీ, అన్నీ పోయాయి" అని అబద్ధమాడాను. మగ్గం ఆగింది.

ఏం చేయాలో తోచక మళ్లీ జాబితా అడిగాను. ఒక ఫైలు ఉంది. తెరిచాను. మామిడిపిందెల అంచు. పిన్ని లేచొచ్చి వంగి చూసింది.

"ఇది ఆసుపత్రికి వెళ్లేముందు మొదలెట్టాడురా. సగమే గీశాడు. మిగతాది ఎవరు గీశార్రా?"

నేను స్కాన్ చేసిందీ సగమే. బాగా గుర్తు. బాబాయ్‌ది ఎడమచేతి వాటం. రెండో సగంలోనూ పెన్సిలు గీతలు ఎడమచేత్తో గీసినట్టే వాలి ఉన్నాయి.

కంప్యూటర్ల పని బాగా తెలిసినవాళ్లకు చూపించాను. చెరిగినవి ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ ఒక్కటీ ఎలా వచ్చిందో, ఎలా పూర్తయిందో వాళ్లూ చెప్పలేకపోయారు. నాకూ ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమే పిన్నికి నిజం చెప్పాను. "నా బాధ అవి పోయినందుక్కాదురా. తప్పు కరెంటు మీద పెట్టావు చూడూ..." అంది.

ఇప్పుడు ఆదివారాలు, బాబాయ్ అంచులున్న చీరలు కొన్నవాళ్ల ఇళ్లకు వెళ్తున్నాను. భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టి, కాగితం మీద మళ్లీ గీస్తున్నాను. పూర్తయిన ప్రతిదీ పిన్ని చేతికిచ్చి, ఆవిడ నా తప్పులు దిద్దేదాకా పక్కనే కూర్చుంటాను.