కనకాంబరాలకు పట్టిన తెల్లపిండి

హిందూపురంలో ఆ వీధి ఆడవాళ్లకు మొక్కల వైద్యురాలు కిరాణా కొట్టు భాస్కరయ్య భార్య సరస్వతమ్మ. గులాబీ ఎండినా, మల్లెమొగ్గ రాలినా ఆమె చెప్పే జబ్బు ఒకటే, దిష్టి. మందూ ఒకటే, మొక్కకు పాత చెప్పు కట్టడం. మొక్క బతికితే ఆమె చలవ, చస్తే వాళ్ల తలరాత. ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు. ఆమె పెరట్లో సపోటా నీడన ఇరవై కనకాంబరాలు ఏళ్ల తరబడి విరగబూస్తుంటే ఎవరికి నోరొస్తుంది?

ఈ ఏడాది వాటికే ఆకులు ముడుచుకున్నాయి, పూలు నిలిచిపోయాయి. కొమ్మల సందుల్లో తెల్లపిండి. దాన్ని ఆమె పట్టించుకోలేదు. ప్రతి శనివారం పుణ్యానికని చీమలకు ఆ మొక్కల మొదట్లోనే చక్కెర కలిపిన బియ్యప్పిండి చల్లుతుంది, గాలికి అదే ఎగిరి అంటుకుందనుకుంది. అనుమానమంతా మేడమీద కొత్తగా దిగిన ఝాన్సీ మీద. పెనుకొండలో వ్యవసాయశాఖ ఉద్యోగం చేసే ఆ పిల్ల, వచ్చిన రోజే "మీ పూలు ఎంత బాగుండాయమ్మా" అంది పాపం. అప్పట్నుంచి ఆమె మెట్లు దిగే చప్పుడైతే చాలు, సరస్వతమ్మ మొక్కల మీద పాత చీర కప్పేసేది. చెప్పులు కూడా కట్టేసరికి భాస్కరయ్య కొట్టుకు వట్టి కాళ్లతో పోవాల్సి వచ్చింది.

ఆదివారం చర్చి నుంచి వస్తూ ఝాన్సీ ఆ చీర ఎత్తి చూసింది. పుల్లతో పిండిని కదిపింది. పిండి నడిచింది.

"ఇది పిండినల్లి అమ్మా. రసం పీల్చి తియ్యటి జిగురు వదుల్తాది. ఆ జిగురు కోసం చీమలే దీన్ని కాపాడుకుంటా మొక్కమొక్కకూ మోస్తాయి. ఈడికి ఇన్ని చీమలు యాడినుంచి వచ్చినాయి?"

సరస్వతమ్మ చూపు నిన్న తాను మొక్కల మొదట్లో చల్లిన చక్కెర పిండి మీద పడింది. ఇద్దరూ కలిసి పురుగు పట్టిన కొమ్మలు కత్తిరించి కాల్చారు, మిగిలినవాటిని సబ్బునీళ్లతో కడిగి వేపనూనె కొట్టారు. తొమ్మిది మొక్కలు పోయాయి.

సాయంత్రం పక్కింటి చిన్నక్క వచ్చి ఆ మోళ్లను చూసి ముక్కున వేలేసుకుంది. "ఎవరి దిష్టి తగిలిందక్కా?" అంటూ ఝాన్సీ వైపు ఓరగా చూసింది. ఝాన్సీకి ఆ చూపు అర్థమైంది. అయినా పెద్దావిడ పరువు పోకూడదని, "దిష్టేనేమో లే అక్కా" అని తల దించుకుంది.

సరస్వతమ్మ మనసు చివుక్కుమంది.

"దిష్టీ లేదు, పాడూ లేదు చిన్నక్కా," అంది. "నేనే చంపుకున్నా."