పెద్ద కె, చిన్న కె

ఆ వేసవిలో మా సీనియర్ నాకొక పని అప్పగించాడు. "బిల్డ్‌కి రెండు ఓపెన్ సోర్స్ టూల్స్, డేటాబేస్ టెస్టులకి రెండు. నాలుగూ వాడి చూసి, ఏది మేలో ఒక పేజీలో టేబుల్ వేసి పంపండి. వారం చాలు కదా?" అని హైదరాబాదు నుంచి ఫోనులో అడిగాడు. నేను నంద్యాలలో మా మిద్దె మీది గదిలో ఉన్నాను. చాలన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మాది చిన్న కంపెనీ. విత్తన గోదాములకు సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఏ లాటు ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని మూటలున్నాయి, మొలక పరీక్షలో నెగ్గిందా లేదా అన్నది మా ప్రోగ్రాం చూపిస్తుంది. మేం రాసిన కోడ్‌ను, దానికి కావలసిన బయటి లైబ్రరీలను పోగుచేసి నడిచే ప్రోగ్రాంగా తయారుచేయడమే బిల్డ్. ఆ పనికి మేం వాడుతున్న టూల్ పాతది, నిదానం. కొత్తదానికి మారితే పని సగం సమయంలో అయిపోతుందని మా సీనియర్ ఏదో వీడియోలో చూశాడు.

కొత్త టూల్ మొదటి రోజే నన్ను ఏడిపించింది. లైబ్రరీలన్నిటినీ మొదటినుంచీ దించుకోవడం మొదలుపెట్టింది. మధ్యలో కరెంటు పోయి రూటర్ ఆగితే, మళ్లీ మొదటికొచ్చేది. అన్నీ దిగాక, మేం కోడ్ రాసే జావా భాష వెర్షన్ నాది పనికిరాదంది. వెర్షన్ మారిస్తే, టూల్‌కు తోడుగా తగిలించిన ఒక ప్లగిన్ మొరాయించింది. డాక్యుమెంటేషన్‌లో ఉన్నదంతా పాత వెర్షన్ గురించే. ఒక ఫోరంలో సరిగ్గా నా సమస్యే ఎవరో అడిగి ఉన్నారు. ప్రాణం లేచొచ్చింది. కింద ఆయనే "తీరిపోయింది, థాంక్స్" అని రాసుకున్నాడు. ఎలా తీరిందో రాయలేదు. ఆ మనిషి ఏ ఊళ్లో ఉన్నాడో తెలిస్తే బస్సెక్కి వెళ్లి అడిగేదాన్ని.

మూడో రోజుకు బిల్డ్ నడిచింది. వేగం నిజమే. కాని ఆ టూల్ పని అయిపోయాక కూడా వెనకాల నడుస్తూనే ఉండి, నా లాప్‌టాప్ మెమరీలో సగం మింగేసేది. బ్రౌజర్ తెరిస్తే చాలు, అంతా బిగుసుకుపోయేది. పాతది నిదానమే అయినా, ఏదైనా తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో చదివి తెలుసుకోగలిగేదాన్ని. సీనియర్ నింపమని పంపిన ఖాళీ టేబుల్‌లో వేగానికి ఒక గడి ఉంది. తప్పు జరిగితే అర్థమయ్యేలా చెబుతుందా అన్నదానికి గడి లేదు. నేనొకటి చేర్చాను. తీసేయమన్నాడు.

ఇక డేటాబేస్ టెస్టులు: లాట్ల వివరాలు దాచే డేటాబేస్‌తో మా కోడ్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే చిన్న ప్రోగ్రాంలు. మేం వాడే పద్ధతిలో టెస్టులు అసలు డేటాబేస్‌ను తాకవు. మెమరీలో ఒక నకిలీ డేటాబేస్ పుడుతుంది, టెస్టులు అయ్యాక మాయమవుతుంది. అంతా కొన్ని సెకన్ల పని. రెండో పద్ధతిలో గోదాముల్లో వాడే అసలు డేటాబేస్‌నే ప్రతిసారీ కొత్తగా, నా లాప్‌టాప్‌లో విడిగా లేపి, దాని మీద టెస్టులు నడపాలి. దానికి ముందు పెద్ద ఫైలొకటి దించుకోవాలి. మా ఇంటి నెట్‌తో రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ సగంలో తెగింది. విసుగొచ్చి, మెమరీ పద్ధతే మేలని టేబుల్‌లో రాసేశాను. రెండోదాన్ని నడిపి చూడకుండానే రాశాను.

మరుసటి ఉదయం ఆళ్లగడ్డ గోదాము నుంచి, నేను అక్కా అని పిలిచే ఆవిడ ఫోన్ చేసింది. అక్కడ లాట్ల వివరాలు కంప్యూటర్లో ఎక్కించేది ఆమే. అంతకుముందు మిషన్ బడిలో టీచరుగా చేసిన మనిషి. తప్పు ఎవరిదైనా ముఖం మీదే చెబుతుంది.

"పాపా, నువ్వు బిరీన రా. నీ కంప్యూటరు అబద్ధం చెప్తాంది."

"ఏమైందక్కా?"

"ఫోన్లో చెప్పేది కాదు. ఈడికొచ్చి సూడు."

బస్సెక్కి వెళ్లాను. గోదాము ముందు ఒక ట్రాలీ ఆటో సగం మూటలతో ఆగి ఉంది. దాని పక్కన గడివేముల నుంచి వచ్చిన రైతు నిలబడి ఉన్నాడు. ఆ కంప్యూటరు మనిషి నేనేనని తెలియగానే నా మీదికొచ్చాడు.

"పొద్దున్నించి ఈడే నిలబడిండా. ఎక్కిచ్చిన మూటలు దింపమంటాండారు. దీనికి జవాబు చెప్పేది ఎవురు?"

నాకింకా విషయమే తెలియదు. అక్క నన్ను లోపలికి తీసుకుపోయి, కంప్యూటర్లో ఇంగ్లీషు చిన్న కె అక్షరం కొట్టి, పక్కన నూట పద్నాలుగు వేసింది. మొలక పరీక్షలో నెగ్గింది అని తెర చూపించింది. తర్వాత తన చేతిరాత పుస్తకం తెరిచి వేలు పెట్టింది. అదే లాటు ఎదురుగా "మొలక చాలదు, ఇవ్వరాదు" అని ఎర్రసిరాతో ఉంది.

ఆ గోదాములో కాలువ కింద పండిన వరి విత్తనానికి కె అని రాస్తారు. ఖరీఫ్‌దైతే పెద్ద కె, రబీదైతే చిన్న కె. పెద్ద కె నూట పద్నాలుగు వేరు, చిన్న కె నూట పద్నాలుగు వేరు. ఈ సంగతి అక్క నాకు, నేను ఆ గోదాముకు వెళ్లిన మొదటి రోజే చెప్పింది. దాని కోసమే ఒక టెస్టు కూడా రాశాను. అది రోజూ నెగ్గి, తెర మీద గ్రీన్‌గా కనిపిస్తూనే ఉంది.

"పెద్ద కె పాసయింది. ఇది కాలేదు. నేను ఈ బుక్కు రాయడం మానేసింటే, ఈ యప్ప మొలవని వడ్లు తీసకపోయి నారు పోసుకునింటాడు," అంది అక్క.

అప్పుడర్థమైంది. మా నకిలీ డేటాబేస్ పెద్ద అక్షరాన్నీ చిన్న అక్షరాన్నీ వేరుగా చూస్తుంది. అసలు డేటాబేస్, మేం దాన్ని పెట్టుకున్న తీరులో, రెండిటినీ ఒకటిగానే చూస్తుంది. చిన్న కె కోసం వెతికితే రెండు లాట్లూ దొరికాయి. నా కోడ్ మొదట దొరికినదాన్ని చూపించేసింది.

గుమ్మంలో నిలబడి వింటున్న రైతు అడిగాడు. "అంటే నీ మిషన్‌కు పెద్దచ్చరం, చిన్నచ్చరం తెలీదా?"

"తెలుసనుకున్న్యా అన్నా."

"అనుకుంటే ఎట్లమ్మా? నారు మొలవకపోతే మా అదను పోతాది."

ఆ మూటలు దింపి, మంచి లాటు ఎక్కించి ఆయన్ను పంపారు. అక్కా నేనూ మధ్యాహ్నం దాకా కూర్చుని, చిన్న కె లాట్లన్నిటినీ పుస్తకంతో సరిచూశాం. ఇంకో రెండు తప్పుగా చూపిస్తున్నాయి. వాటిని ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

వరండాలోంచి సీనియర్‌కు ఫోన్ చేశాను.

"టెస్టులన్నీ గ్రీనే కదా?" అన్నాడు.

"గ్రీనే సర్. తప్పు అక్కడే ఉంది. మెమరీ డేటాబేస్ మేలని రాశాను. అది సరికాదు, మార్చాలి."

"ఒక్క గోదాములో ఎవరో అక్షరాలు అలా వాడుతున్నారని టూల్ మారుస్తామా? ఆవిడనే వేరే నంబర్లు వాడమనండి."

ఫోను గట్టిగా వినిపించిందేమో, అక్క తలెత్తింది. "ఏందంటా? నన్ను మార్చుకోమంటాండాడా?"

"అదేం లేదక్కా," అన్నాను. ఆమె నమ్మలేదు.

మర్నాడు నంద్యాల బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో ఆ పెద్ద డేటాబేస్ ఫైలు దించుకుని ఇంటికి తెచ్చాను. కొత్త బిల్డ్ టూల్‌తో నడపబోతే లాప్‌టాప్ రెండుసార్లు ఆగిపోయింది. కొత్త టూల్, అసలు డేటాబేస్ రెండూ కలిసి నా లాప్‌టాప్ మెమరీలో పట్టవు. నాలుగు టూల్స్‌నూ విడివిడిగా పోల్చి ఇన్ని రోజులు పాడుచేసుకున్నాను, కలిపి ఒక్కసారీ నడపలేదు. పాత టూల్‌కు తిరిగివచ్చి, మిగతావన్నీ మూసేసి నడిపాను. పదకొండు నిమిషాలు పట్టింది. కె అక్షరం టెస్టు ఎర్రగా ఓడిపోయింది. ఇన్నాళ్లూ అలా ఓడిపోయి ఉండాల్సిన టెస్టు అది. డేటాబేస్ సెట్టింగ్ మార్చాక నెగ్గింది; అదే మార్పు ఆళ్లగడ్డకూ పంపాను.

రిపోర్టు మళ్లీ రాశాను. పాత బిల్డ్ టూలే ఉంచాలని, టెస్టులు అసలు డేటాబేస్ మీదే నడపాలని, అందుకు మెమరీ ఎక్కువున్న లాప్‌టాప్ కావాలని రాసి, ఆళ్లగడ్డలో జరిగింది కింద ఒక పేరాలో పెట్టాను. మీటింగులో సీనియర్ చూపించిన టేబుల్‌లో ఆ పేరా లేదు. కొత్త బిల్డ్ టూల్‌కు మారాలని తేల్చారు. డేటాబేస్ టెస్టుల సంగతి వీలున్నప్పుడు చూద్దామన్నారు. లాప్‌టాప్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆళ్లగడ్డకు ఏ మార్పు పంపినా, ముందు అసలు డేటాబేస్ మీద పాత టూల్‌తో టెస్టులన్నీ నేనే నడిపి చూస్తాను. ఆ పదకొండు నిమిషాలూ లాప్‌టాప్‌లో ఇంకే పనీ సాగదు. పోయిన నెల అలాగే ఒక తేదీల టెస్టు ఓడిపోయింది. సరిచేసేసరికి విడుదల ఒక రోజు ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందని సీనియర్ అడిగాడు. చెప్పాను. "మన దగ్గర అన్నీ గ్రీనే కదా?" అన్నాడు. మళ్లీ మొదటినుంచీ చెప్పాను.